ఆ సీటు నేనిచ్చి ఉండాల్సిందా అక్కా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది గోపాలపట్నం. ఉద్యోగాల వల్ల నేనూ మా ఆవిడా హైదరాబాద్‌లో ఉంటున్నాం. సంక్రాంతికి ఇంటికొచ్చి, కనుమ వెళ్లాక ఆదివారం రాత్రి విమానానికి తిరుగు ప్రయాణమయ్యాం. బ్యాగులు వేసేసి బోర్డింగ్ పాసులు చేతిలో పట్టుకుని నిలబడ్డాం. ఇంతలో కౌంటర్లో అమ్మాయి అందరికీ వినపడేలా చెప్పింది. రావాల్సిన విమానం బదులు చిన్నది వస్తోందట, ముగ్గురికి సీట్లు చాలవట, రేపు పొద్దున్న విమానానికి మారేవాళ్లకు ఐదువేల వోచరు ఇస్తారట. ఇద్దరు కుర్రాళ్లు ముందుకెళ్లారు. ఇంకొక్కరు కావాలి. మా ఇల్లు ఎయిర్‌పోర్టుకి పావుగంట దూరం. సోమవారం నాకు ఇంటి నుంచి పని చేసుకునే వీలుంది. వెళ్దామనుకున్నాను. మా ఆవిడ మోచేయి పట్టుకుని "ఊరుకోండి, అందరి ముందూ డబ్బుల కోసం చెయ్యెత్తుతారా" అంది. ఆగిపోయాను.

కాసేపటికి ఒక పెద్దావిడ వచ్చింది. అరవై దాటి ఉంటాయి. టెక్కలి అవతల పల్లె నుంచి వచ్చానంది. చేతిలో గుడ్డతో మూతి కట్టిన స్టీలు డబ్బా, అరిసెలనుకుంటా. ఆమెకు సీటు లేదన్నారు. "ఏటమ్మా, టికట్టు ఉంది కదా, నన్నేల ఎల్లనీరు? పొద్దుగాల మా పిల్లకి ఆపరేషను" అని అదే మాట మళ్లీ మళ్లీ అంది. ఎవరూ పలకలేదు. ఆమె ఫోన్ చార్జింగ్ అయిపోయిందంటే నా ఫోన్ నుంచి అల్లుడికి కలిపిచ్చాను. అంతలో మా విమానానికి పిలిచారు, వెళ్లిపోయాం. మూడు వారాలైంది. ఆ డబ్బా పట్టుకుని నిలబడ్డ మనిషి కళ్లముందు నుంచి పోవడం లేదు. నేను తప్పు చేశానా? మళ్లీ ఇలాంటిది ఎదురైతే ఏం చెయ్యాలి, ఏం అడగాలి?

సమాధానం:

తమ్ముడూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ద్వారకానగర్‌లో ఒక ట్రావెల్ ఆఫీసులో ఇరవై రెండేళ్లు టికెట్లు కొట్టిన మనిషిని నేను. సీటు దొరకని వాళ్ల ఫోన్లు అర్ధరాత్రి ఎన్ని ఎత్తానో. కాబట్టి మీరు అడిగిన దానికి తిన్నగానే చెప్తాను.

ఆమెను ఆపింది మీరు కాదు. అమ్మిన టికెట్లకు సరిపడా సీట్లు చూపించలేకపోయింది విమాన సంస్థ, ఆ బరువు మొదట మోయాల్సింది వాళ్లే. కానీ మీరు అడిగింది అది కాదు కదా. ఆ వరుసలో మీకున్నంత వెసులుబాటు బహుశా ఇంకెవరికీ లేదు. పావుగంటలో ఇల్లు, మర్నాడు ఇంటి నుంచే పని. మీరు చెయ్యెత్తి ఉంటే ఆ రాత్రి ఆమె కూతురి దగ్గరకు చేరేది. అవును, ఎత్తి ఉంటే బాగుండేది. ఈ మాట దాచి మిమ్మల్ని ఓదారిస్తే మీరు నమ్మరు. మూడు వారాలుగా మీ మనసు మీకు చెప్తున్నదీ అదే.

అయితే మీరు ఆగిపోవడానికి కారణం చెడ్డతనం కాదు. అసలు అక్కడ జరుగుతున్నదేమిటో మీకూ తెలియదు, మీ ఆవిడకూ తెలియదు. మీకు కనపడింది ఐదువేల రూపాయల వోచరు, దాని కోసం నలుగురిలో చెయ్యెత్తడం. వోచరు వెనకాల ఇంకో మనిషి ఉందని, మీరు ఎత్తకపోతే వాళ్లే ఒకరిని ఎంచుకుంటారని అక్కడ ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే మీ ఆవిడే మిమ్మల్ని ముందుకు తోసేదని నా నమ్మకం.

విమానంలో ఉన్న సీట్ల కంటే ఎక్కువ టికెట్లు ఎందుకు అమ్ముతారో ముందు చెప్తాను. ప్రతి విమానానికీ కొందరు రారు. మీటింగులు వాయిదా పడతాయి, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు, మనసు మార్చుకుంటారు. ఖాళీగా ఎగిరిపోయిన సీటు రేపటికి దాచుకుని అమ్ముకునే సరుకు కాదు. అందుకని ఏ రోజు, ఏ రూటులో ఎంతమంది రారో పాత లెక్కలు చూసి నాలుగు టికెట్లు అదనంగా అమ్ముతారు. మామూలు రోజుల్లో ఆ లెక్క సరిపోతుంది. సంక్రాంతి తర్వాతి ఆదివారం విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్లే రాత్రి విమానానికి మాత్రం ఎవరు రాకుండా ఉంటారు? రైళ్లన్నీ నిండిపోయి, బస్సు టికెట్ రేట్లు మండిపోతున్న రోజది. దాని మీద మీ విషయంలో విమానమే మారింది. రెండొందల పైచిలుకు సీట్లున్న విమానం బదులు నూటఎనభై సీట్లది వస్తే, ఒక్క టికెట్ కూడా అదనంగా అమ్మకపోయినా మనుషులు మిగిలిపోతారు. మన దగ్గర ఇలా జరగడం నేను చాలాసార్లు చూశాను.

ఇప్పుడు ఆ కౌంటర్ అమ్మాయి ఎందుకు అందరినీ అడిగిందో చూడండి. అది ఆమె మంచితనం కాదు, నిబంధన. మన పౌర విమానయాన డైరెక్టరేట్, అదే డీజీసీఏ, పెట్టిన నియమం ప్రకారం సీట్లు తక్కువైతే ముందు ఇష్టపూర్వకంగా వదులుకునే వాళ్లెవరైనా ఉన్నారా అని అడగాలి. ఆ తర్వాతే ఎవరినైనా ఇష్టం లేకుండా ఆపాలి.

ఈ "ముందు అడగాలి" అన్న పద్ధతి వెనక ఒక కథ ఉంది, మీ ఉత్తరం చదువుతుంటే అదే గుర్తొచ్చింది. 1960ల్లో అమెరికాలో సీట్లు చాలకపోతే విమాన సంస్థలు తమకు తోచిన వాళ్లను ఆపేసేవి. ఎక్కువగా ముసలివాళ్లనూ సైనికులనూ ఆపేవారని, వాళ్లయితే గట్టిగా అడగరన్న లెక్కతో అలా చేసేవారని జూలియన్ సైమన్ అనే ఆర్థికవేత్త తర్వాత రాశాడు. ఆయనే 1968లో ఒక ఉపాయం చెప్పాడు. ప్రయాణికులకు కవర్లు ఇచ్చి, ఎంత ఇస్తే తర్వాతి విమానానికి ఆగుతారో రాసిమ్మనండి, తక్కువ రాసిన వాళ్లకు ఆ డబ్బిచ్చి ఆపండి అన్నాడు. ఆగిన మనిషి తన ఇష్టంతో ఆగుతాడు, వెళ్లి తీరాల్సిన మనిషి వెళ్తాడు. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. ఈలోగా 1972లో వినియోగదారుల హక్కుల కోసం పోరాడే రాల్ఫ్ నాడర్‌నే ఒక విమానం ఎక్కనివ్వలేదు. ఆయన కోర్టుకెక్కితే కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది, 1976లో ఆయనకు దావా వేసే హక్కుందని తీర్పొచ్చింది. చివరికి 1978లో, ముందు వాలంటీర్లను అడగాలన్న నియమం అక్కడ అమల్లోకి వచ్చింది.

అంటే చూడండి, చెయ్యెత్తమని అడగడం మొదలైందే గట్టిగా అడగలేని మనిషి బలి కాకూడదని. మీ కథలో మళ్లీ అదే మనిషి బలైంది. ఎందుకంటే ఇప్పుడు ఎంపిక చేసేది కంప్యూటరు. వెబ్ చెకిన్, అంటే ఇంటి నుంచే ఫోన్లోనో కంప్యూటర్లోనో చెకిన్, చేసుకున్న వాళ్లకు ముందే సీటు నంబరు పడిపోయి ఉంటుంది. టెక్కలి అవతల నుంచి మూడు గంటలకు పైగా ప్రయాణం చేసి, వెబ్ చెకిన్ అంటే ఏమిటో తెలియకుండా చివర్లో కౌంటర్‌కొచ్చిన ఆవిడకు మిగిలేది ఖాళీ చేతులే. ఎవరూ ఆమె మీద పగబట్టలేదు. అయినా ఫలితం పాతదే.

మీ ఆవిడ మాట దగ్గరకొస్తాను. "డబ్బుల కోసం చెయ్యెత్తుతారా" అన్న మాటలో తప్పు పట్టను. మన ఇళ్లల్లో నలుగురిలో డబ్బు మాట ఎత్తడమంటే ఎంత ఇబ్బందో నాకు తెలుసు. కానీ మీ ఆవిడే బస్సులో కాంప్లెక్స్ నుంచి మద్దిలపాలెం వచ్చేటప్పుడు ముసలావిడ ఎక్కితే లేచి సీటిస్తుంది. రైల్లో "కాస్త సర్దుకోండమ్మా" అంటే సర్దుకుంటుంది. అక్కడ సిగ్గు లేదు కదా. ఇక్కడా అంతే. తేడా ఒక్కటే, ఇక్కడ మన సీటు తీసుకుని ఇంకొకరికి ఇస్తున్నది లాభం కోసం నడిచే సంస్థ. అది మనకు డబ్బివ్వడం దానం కాదు, మనం తీసుకోవడం అడుక్కోవడం కాదు. మనం కొనుక్కున్న వస్తువును వాళ్లు తిరిగి కొంటున్నారు. ఉచితంగా ఇచ్చేస్తే మనకు గొప్ప అనుకోకండి. ఆ లాభం వాళ్లకే పోతుంది, పెద్దావిడకు కాదు. మీరు డబ్బు తీసుకున్నా ఆమెకు దక్కే సీటు ఆమెకు దక్కుతుంది.

ఇంకో సంగతి. ఆ కౌంటర్ అమ్మాయి ఐదువేల వోచరు దగ్గరే ఆగిపోయిందన్నారు. ఆగాల్సిన అవసరం లేదు. లెక్క చూడండి. 2016 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చిన డీజీసీఏ నియమం ప్రకారం, ఇష్టం లేకుండా ఆపిన ప్రయాణికుడికి గంటలోపు బయల్దేరే వేరే విమానం చూపిస్తే పరిహారం ఏమీ ఉండదు. 24 గంటలలోపు విమానం చూపిస్తే ఒకవైపు టికెట్ మూల ధరకూ ఇంధన చార్జీకీ కలిపి రెండు రెట్లు ఇవ్వాలి, గరిష్ఠంగా 10,000 రూపాయలు. 24 గంటలు దాటితే నాలుగు రెట్లు, గరిష్ఠంగా 20,000. నాకు మీ వేరే విమానం వద్దు అంటే టికెట్ డబ్బు మొత్తం వెనక్కిచ్చి, పైన నాలుగు రెట్ల పరిహారం, అదీ 20,000 దాకా. ఆ పెద్దావిడ టికెట్ అల్లుడు నెల ముందే కొట్టించి, మూల ధరా ఇంధన చార్జీ కలిపి నాలుగువేలు అయిందనుకుందాం. మర్నాడు పొద్దున్న పంపితే ఆమెకు ఎనిమిదివేలు రావాలి. పండగ రేటుకు ఆరువేలు పెట్టి కొని ఉంటే రెండు రెట్లు పన్నెండువేలు అవుతుంది, పరిమితి వల్ల పదివేలు వస్తుంది. బలవంతంగా ఆపితే ఎనిమిది, పదివేలు నగదు ఇవ్వాల్సిన సంస్థకు, ఇష్టపడి ఆగేవాడికి ఐదువేల వోచరు దగ్గర ఎందుకు ఆగాలి? ఎనిమిదివేలు నగదు అని ఇంకోసారి అని ఉంటే ఆ వరుసలో ఎవరో ఒకరు కదిలేవారు.

2017 ఏప్రిల్‌లో షికాగోలో జరిగింది సరిగ్గా ఇదే. యునైటెడ్ అనే విమాన సంస్థ తమ సిబ్బంది నలుగురికి సీట్లు కావాలని, 800 డాలర్ల దాకా చెప్పి, ఎవరూ రాకపోతే అక్కడ ఆపేసి పేర్లు ఎంచారు. డేవిడ్ దావో అనే 69 ఏళ్ల డాక్టర్ దిగనంటే ఈడ్చుకుంటూ దించారు. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. ఆ తర్వాత యునైటెడ్ సంస్థ, సీటు వదులుకునే వాళ్లకు 10,000 డాలర్ల దాకా ఇవ్వొచ్చని తన సిబ్బందికి అధికారమిచ్చింది. ఇంకొంచెం అడిగి ఉంటే పోయేదానికి ఒక ముసలి మనిషి ముఖం రక్తమైంది. అమెరికాలో పిల్లలున్న విశాఖ ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి చెప్తున్నాను, అక్కడ వాలంటీర్‌కు ఇచ్చేదానికి చట్టంలో పై పరిమితి లేదు. బేరం ఆడొచ్చు.

మన దగ్గర కూడా వాలంటీర్‌కు ఇంతివ్వాలని నియమం లేదు, అది సంస్థ ఇష్టం. కాబట్టి అడగడం మీ చేతుల్లో ఉంది. ఎలా అడగాలో చెప్తాను, ఇక్కడే చాలామంది నష్టపోతారు. నేనూ పోయాను.

2011లో చెన్నై వెళ్తుంటే నేనూ ఒకసారి సీటు వదులుకున్నాను. ఎవరో చంటిబిడ్డ తల్లి ఏడుస్తుంటే ఆలోచించకుండా "నేనాగుతాను" అన్నాను. ఆ సంస్థ పేరు ఇక్కడ వద్దు. వాళ్లొక కాయితమిచ్చారు, సంతకం పెట్టాను. టీ, సమోసా కూపన్ ఇచ్చారు. మర్నాడు చెన్నై చేరాను. నాలుగో రోజు తిరిగొద్దామని ఎయిర్‌పోర్టుకెళ్తే నా రిటర్న్ టికెట్ రద్దయి ఉంది. రాను, పోను ఒకే పీఎన్ఆర్‌లో, అంటే ఒకే బుకింగ్ నంబరులో ఉండటంతో, వెళ్లేటప్పుడు నేను విమానం ఎక్కలేదు కాబట్టి కంప్యూటర్లో 'నో షో' పడి వెనకాల టికెట్ కూడా పోయింది. కౌంటర్లో వాళ్లు నా టికెట్‌ను మార్చలేదు, నన్ను దించి విడిగా కొత్త టికెట్ కొట్టారు. ఆ తేడా టికెట్లు కొట్టే నాకు తెలియాల్సింది, ఏడుస్తున్న బిడ్డను చూస్తూ అడగడం మర్చిపోయాను. ఇచ్చిన వోచరు చూస్తే మూడు నెలలే గడువు, పండగ రోజుల్లో చెల్లదు, నా పేరు మీదే వాడాలి. వాడకుండానే పోయింది. ఆ తల్లి ఎక్కిందన్న తృప్తి మాత్రం నాకు ఇప్పటికీ ఉంది. కానీ ఆ రోజు నాలుగు మాటలు అడిగి ఉంటే తృప్తీ మిగిలేది, నా టికెట్టూ మిగిలేది.

అందుకని మీరు ముందు అడగాల్సింది డబ్బు కాదు, "నన్ను ఏ విమానంలో పంపుతారు, సీటు ఖరారేనా?" అని. వెయిటింగ్ అంటే ఒప్పుకోకండి. కొత్త విమానం నంబరు, టైము, సీటు నంబరు ఉన్న బోర్డింగ్ పాసు చేతికి ఇవ్వాలి, కనీసం మీ ఫోన్‌కు మెసేజ్ రావాలి. పాత బోర్డింగ్ పాసు అది వచ్చాకే ఇవ్వండి. రెండోది, "ఈ పీఎన్ఆర్‌లో ఇంకా ప్రయాణాలున్నాయి, అవి పోకుండా చూడండి" అని చెప్పి, స్క్రీన్ మీద చూపించమనండి. మీ ఇద్దరిదీ ఒకే టికెట్ అయితే ముందు దాన్ని విడదీయాలి, లేకపోతే మీ ఆవిడ టికెట్‌కు చిక్కొస్తుంది. మూడోది బ్యాగు. మీరు ఎక్కకపోతే భద్రతా నియమాల ప్రకారం మీ బ్యాగు కూడా విమానం నుంచి దించాలి. దానికి టైము పడుతుంది, ఎక్కడ ఎప్పుడు ఇస్తారో అడగండి. మందులు, చార్జర్ బ్యాగులో వేసేసి ఉంటే అది చేతికొచ్చేదాకా అక్కడే ఉండండి.

డబ్బు మాట ఆ తర్వాత. "బలవంతంగా ఆపితే మీరు ఇవ్వాల్సింది ఇంత కదా, అంతకు తగ్గకుండా నా ఖాతాలో వెయ్యండి" అని నెమ్మదిగా చెప్పండి. కౌంటర్లో కూర్చున్న పిల్లకు అధికారం ఉండదు, పాపం ఆమె మీద అరవకండి, "డ్యూటీ మేనేజర్‌ను పిలవండమ్మా" అనండి. వోచరే అంటే గడువెంత, ఏ రోజుల్లో చెల్లదు, ఇంట్లో వేరేవాళ్ల పేరు మీద వాడొచ్చా, ఒకేసారి వాడాలా అని అడగండి. గడువు ఏడాది లేకపోతే, వేరేవాళ్లు వాడే వీలు లేకపోతే ఐదువేల వోచరు అంటే మూడువేల కిందే లెక్క నా దృష్టిలో. ఊళ్లో ఇల్లున్న వాళ్లకు హోటల్ అక్కర్లేదు, మీలాంటి వాళ్లు రానుపోను క్యాబ్ ఖర్చు, రాత్రి భోజనం అడగొచ్చు. ఎక్కడి నుంచో వచ్చిన వాళ్లయితే హోటల్, అక్కడికి బండి వాళ్లే చూడాలి. ఇవన్నీ మెయిల్‌లోనో మెసేజ్‌లోనో రాసిచ్చాక సంతకం.

సంతకం మాట వచ్చింది కాబట్టి గట్టిగా చెప్తున్నాను. "ఇష్టపూర్వకంగా సీటు వదులుకుంటున్నాను" అన్న కాయితం ఒకటి ఉంటుంది. ఇష్టపడి ఆగిన వాళ్లే దాని మీద సంతకం పెట్టాలి. ఇష్టం లేకుండా ఆపిన మనిషి చేత కూడా, ఇంగ్లీషులో ఉన్న ఆ కాయితం మీద "ఇక్కడ పెట్టండమ్మా, రేపటి టికెట్ ఇస్తాం" అని పెట్టించేస్తే, రెండు రెట్ల పరిహారం అక్కడితో పోయినట్టే. నా దగ్గరకొచ్చిన కేసుల్లో సగం ఇలాంటివే. చదవకుండా సంతకం పెట్టొద్దని మీ ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి పంపండి. అలాగే వాళ్లు ప్రయాణం చేస్తుంటే వెబ్ చెకిన్ మీరే చేసి, సీటు నంబరుతో బోర్డింగ్ పాసు ప్రింటు తీసి సంచిలో పెట్టండి. దేశీయ విమానాలకు మామూలుగా బయల్దేరే టైముకు గంట ముందే కౌంటర్ మూసేస్తారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేవాళ్లు మధురవాడ, ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్ కూడా లెక్కలో వేసుకుని బయల్దేరాలి. ఆలస్యంగా వస్తే ఈ పరిహారం ఏదీ వర్తించదు, తప్పు ఆలస్యంగా వచ్చినవాళ్లదే అవుతుంది.

ప్రతిసారీ చెయ్యెత్తాలని కాదు తమ్ముడూ. షిప్ ఎక్కడానికి వెళ్తున్న కుర్రాడు, మర్నాడు కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ ఉన్న పిల్ల, హైదరాబాద్ నుంచి వేరే టికెట్ మీద దుబాయ్ విమానం పట్టుకోవాల్సిన వాళ్లు, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు, చంటిపిల్లలతో ఉన్నవాళ్లు ఎత్తకూడదు. ఎత్తలేదని బాధపడనూ కూడదు. ఎవరికి ఆగడం తేలికో వాళ్లు ఆగాలి, అంతే. మీరూ మీ ఆవిడా ఈ మాట ఇంట్లోనే అనుకోండి. ప్రయాణం రోజు ఎయిర్‌పోర్టుకు వెళ్లేటప్పుడు కారులో "ఇవాళ అడిగితే మనం ఆగగలమా?" అని ఒక్కసారి అనుకుంటే చాలు. అప్పుడు మోచేయి పట్టుకోవాల్సిన పని ఉండదు. ఇద్దరూ ఆగక్కర్లేదు, ఒకరు వెళ్లి ఒకరు ఆగొచ్చు.

ఇక ఆ పెద్దావిడ సంగతి. మీ ఉత్తరంలో ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఆమె అల్లుడికి మీ ఫోన్ నుంచే కలిపారు కదా. అయితే ఆ నంబరు మీ కాల్ లిస్టులో ఉంది. మూడు వారాల కిందటిది, ఇంకా పోయి ఉండదు. ఇవాళే వెతకండి.

ఫోన్ చేసి, ఆ రాత్రి ఎయిర్‌పోర్టులో ఫోన్ ఇచ్చింది నేనేనని చెప్పండి. ఆమెను మర్నాడు ఏ టైము విమానంలో పంపారో, ఏమైనా డబ్బిచ్చారో, ఏ కాయితం మీద సంతకం పెట్టించారో అడగండి. టికెట్, మర్నాటి బోర్డింగ్ పాసు, వచ్చిన మెసేజులు ఉంచుకోమనండి. పరిహారం ఇవ్వకపోయి ఉంటే ముందు ఆ విమాన సంస్థలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి మెయిల్ రాయాలి, పేరూ మెయిలూ వాళ్ల వెబ్‌సైట్లోనే ఉంటాయి. జవాబు రాకపోతే వాళ్ల అప్పీలు అధికారికి. ఆ పైన పౌర విమానయాన శాఖ వాళ్ల ఎయిర్‌సేవ యాప్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, 1915కి ఫోన్ చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లు దారి చెప్తారు. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక కేసు వేయడానికి విమాన సంస్థ ఆఫీసున్న ఊరికి వెళ్లక్కర్లేదు, ఆమె ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. జరిగినప్పటి నుంచి రెండేళ్ల గడువుంది, కాబట్టి ఏమీ మించిపోలేదు.

ఆ ఇష్టపూర్వక కాయితం మీద సంతకం పెట్టించి ఉంటే కూడా వదిలెయ్యొద్దు. "పొద్దున్న కూతురికి ఆపరేషన్" అని కౌంటర్ ముందు పదిసార్లు చెప్పిన మనిషి ఇష్టపడి ఆగిందంటే ఎవరు నమ్ముతారు? ఆ మాట విన్న సాక్షి మీరున్నారు. మీరు చూసింది, విన్నది, తారీఖుతో, మీ బోర్డింగ్ పాసు కాపీతో ఒక పేజీలో రాసి సంతకం పెట్టి ఆ అల్లుడికి పంపండి. మీ ఆవిడ చేత కూడా పెట్టించండి, ఆమె కూడా అక్కడే ఉంది కదా. మెయిల్ రాయడం వాళ్లకు చేతకాకపోతే మీరే రాసిపెట్టండి. తెలుగులో రాసి నాకు పంపినా ఫర్వాలేదు, నేను సరిచేసి ఇస్తాను.

కానీ ఫోన్ ఎత్తగానే పరిహారం మాట తియ్యకండి. ముందు ఆ పిల్లకు ఆపరేషన్ ఎలా జరిగిందో, ఇప్పుడెలా ఉందో అడగండి.